నచ్చిన ఫొటో తోటివారికి చూపించే ముందు: ఏది ఎంచాలి, ఫైల్ ఎలా తయారుచేయాలి, పక్కన ఏం రాయాలి

ఈ మధ్య తీసినవాటిలో నచ్చిన ఫొటోలు ఒకరికొకరు చూపించుకునే ఔత్సాహికుల బృందం నుంచి వచ్చిన ప్రశ్నలో మూడు విషయాలున్నాయి. మన కంప్యూటర్‌లో నిగనిగలాడిన ఫొటో అవతలివాళ్ల దగ్గర రంగు వెలిసి, పదును పోయి ఎందుకు కనిపిస్తోంది? వందల ఫ్రేముల్లోంచి ఒకటి ఎలా ఎంచుకోవాలి? ‘బాగుంది’ అనే మాటతో ఆగిపోకుండా పనికొచ్చే అభిప్రాయం రావాలంటే ఏం చేయాలి? మొదటిదానికి జవాబు పూర్తిగా సాంకేతికం, లెక్కతో చెప్పగలిగింది. అందుకే దాని మీద ఎక్కువ రాస్తున్నాను. అయితే పని వరుసలో ఎంపికే ముందు. ఫ్రేము సరైనది కాకపోతే ఆ తర్వాత పడే శ్రమంతా వృథా.

తీసిన రోజే ఎంచుకోకండి. ఆ రోజు మీ కళ్లకు ఫొటో ఒక్కటే కనిపించదు. దాని కోసం పడ్డ కష్టం, ఎదురుచూపు, అక్కడి గాలీ వాసనా అన్నీ కలిసి కనిపిస్తాయి. చూసేవాళ్లకు అవేవీ చేరవు, నాలుగు అంచుల మధ్య ఉన్నదే చేరుతుంది. వారం ఆగితే ఆ జ్ఞాపకం పక్కకు తప్పుకుంటుంది. అంత ఆగలేకపోతే కనీసం ఒక రాత్రి గడవనివ్వండి.

మొదటి వడపోత వేగంగా చేయాలి. తెర నిండా ఒక్కో ఫొటో పెట్టి రెండు మూడు సెకన్లు చూసి, పనికిరానివాటిని మాత్రమే గుర్తు పెట్టండి. ఈ దశలో మంచివాటి కోసం వెతకొద్దు, నిర్ణయం నెమ్మదిస్తుంది. రెండో వడపోతలో ఒకే దృశ్యానికి చెందిన ఫ్రేముల్ని పక్కపక్కన పెట్టి 100 శాతం సైజులో (ఫొటోలోని ఒక పిక్సెల్ తెర మీద ఒక పిక్సెల్‌గా) చూడండి. మనిషైనా జంతువైనా పక్షైనా మనకు దగ్గరగా ఉన్న కన్ను స్పష్టంగా ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న.

ఇక్కడ మసక కనిపిస్తే దాన్ని వదిలేయడంతో సరిపెట్టకండి, కారణం కూడా కనిపెట్టండి. ఫ్రేములో ప్రతిదీ ఒకే దిశలో సాగినట్టుంటే చెయ్యి కదిలింది. వెనకున్న గోడ స్పష్టంగా ఉండి మనిషి మాత్రమే సాగితే మనిషి కదిలాడు. మనిషి మెత్తగా ఉండి ముందున్న గడ్డో వెనకున్న ఆకులో స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది. మూడింటికీ మందు వేరు. చెయ్యి కదిలితే షట్టర్ వేగం ఫోకల్ లెంగ్త్‌కు (లెన్స్ మీద ఎంఎంలో రాసి ఉండే అంకె) తగ్గట్టు పెంచాలి: 200 ఎంఎంకు కనీసం 1/200 సెకను. ఫుల్ ఫ్రేము (36×24 ఎంఎం) కంటే చిన్నదైన ఏపీఎస్‌-సీ సెన్సర్ మీద 200 ఎంఎం లెన్స్ వాడితే 1.5తో గుణించి కనీసం 1/320 సెకను పెట్టాలి. లెన్స్‌లోనో కెమెరాలోనో ఉండే స్టెబిలైజేషన్ చేతి వణుకును ఆపుతుంది తప్ప ఎదుటి మనిషి కదలికను ఆపదు. నడిచే మనిషికి 1/250, పరిగెత్తే పిల్లలకు 1/500, ఎగిరే పక్షికి 1/1600 నుంచి 1/2000 దాకా కావాలి. దీనివల్ల ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సర్ స్పందన ఎంత పెంచాలో చెప్పే అంకె) పెరిగితే పెరగనివ్వండి. దాంతో వచ్చే గరుకు చుక్కల్ని (నాయిస్) తర్వాత తగ్గించుకోవచ్చు, సాగిపోయిన ముఖాన్ని సరిచేయలేం.

మిగిలినవాటిని బొటనవేలి గోరంత బొమ్మలుగా చేసి చూడండి. అంత చిన్న సైజులో కూడా విషయం ఏమిటో తెలుస్తుంటే ఆ ఫ్రేము కట్టుదిట్టంగా ఉన్నట్టే. తర్వాత పెద్దది చేసి, మధ్యలో ఏముందో పట్టించుకోకుండా నాలుగు అంచుల వెంబడి చూపు నడపండి. సగం తెగిన కొమ్మ, మూలలో తెల్లటి మచ్చ, పక్కనుంచి దూరిన మోచెయ్యి బయటపడేది అప్పుడే. అంచు దగ్గరున్న వెలుగు మచ్చ చూపును బయటికి లాక్కుపోతుంది. కొద్దిగా క్రాప్ చేస్తే పోతుందేమో చూడండి, లేదా ఆ భాగం వెలుగు ఒక స్టాప్ (అంటే సగానికి) తగ్గించండి. నీళ్లూ ఆకాశమూ కలిసే గీత (హోరిజాన్) ఒక్క డిగ్రీ వంగినా కళ్లు పట్టేస్తాయి, కాబట్టి సరిచేయకుండా పంపకండి.

ఒక విడతలో ఒకటి, మహా అయితే మూడు ఫొటోలు పంపండి. ఒకే పువ్వును ఐదు కోణాల్లో పంపితే ఎంచే పని చూసేవాళ్ల మీద వేసినట్టవుతుంది, చివరికి ఏ ఒక్కటీ ఎవరికీ గుర్తుండదు.

ఇక ఫైల్ సంగతి. కార్డులో ఉన్న ఫొటో అవతలి తెర మీదికి చేరేలోపు దాన్ని పాడుచేసే చోట్లు చాలా ఉన్నాయి. వరుసగా చూద్దాం.

కెమెరా వెనక తెర మీద కనిపించేది రా ఫైల్ (సెన్సర్ నమోదు చేసిన ముడి సమాచారం) కాదు. కెమెరా తనలోని పిక్చర్ స్టైల్ ప్రకారం కాంట్రాస్టు, రంగు, పదును కలిపి తయారుచేసిన జేపెగ్ అది. ఫొటోలో చీకటి నుంచి వెలుగు దాకా ఏది ఎంతుందో చూపే పటం, హిస్టోగ్రామ్, కూడా ఆ జేపెగ్‌దే. ఆ రా ఫైల్‌ను ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచినప్పుడు సాఫ్ట్‌వేర్ తన సొంత ప్రొఫైల్ వేస్తుంది. అందుకే చప్పగా కనిపిస్తుంది. ఇది లోపం కాదు. ప్రొఫైల్ జాబితాలో కెమెరా స్టైల్‌కు దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుని అక్కణ్నుంచి మొదలుపెడితే సగం పని తగ్గుతుంది.

రంగు వెలిసిపోవడానికి చాలాసార్లు కారణం కలర్ స్పేస్, అంటే ఫైల్‌లోని అంకెలు ఏ రంగుల్ని సూచిస్తాయో చెప్పే ప్రమాణం. ఎస్‌ఆర్‌జీబీ అనేది 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన ప్రమాణం. అడోబ్ ఆర్‌జీబీ 1998లో వచ్చింది, ముఖ్యంగా ఆకుపచ్చ, నీలం–ఆకుపచ్చ వైపు ఇంకా విశాలమైనది. విశాలమైనది కదా అని దాంట్లోనే ఎక్స్‌పోర్ట్ చేసి పంపితే, దారిలో ఏదో ఒక యాప్ ఫైల్‌లోని కలర్ ప్రొఫైల్‌ను (ఏ కలర్ స్పేస్ అనేది చెప్పే గుర్తు) తీసేయవచ్చు. అప్పుడు అవతలి తెర ఆ అంకెల్ని ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చదువుతుంది. ఆకులు బూడిదపచ్చగా, చర్మం పాలిపోయి కనిపిస్తాయి. కాబట్టి పంపే ఫైల్ ఎప్పుడూ ఎస్‌ఆర్‌జీబీలోనే ఉండాలి, ప్రొఫైల్ ఫైల్‌లో ఉంచేలా టిక్ పెట్టాలి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ‘అసైన్ ప్రొఫైల్’, ‘కన్వర్ట్ టు ప్రొఫైల్’ అని రెండుంటాయి. అసైన్ చేస్తే అంకెలు మారవు, వాటి అర్థం మారుతుంది, రంగులు అక్కడికక్కడే చెడతాయి. మీకు కావాల్సింది కన్వర్ట్. కెమెరాలో అడోబ్ ఆర్‌జీబీ పెట్టి జేపెగ్ తీస్తే ఫైల్ పేరు సాధారణంగా అండర్‌స్కోర్‌తో మొదలవుతుంది. మీ ఫైల్ పేర్లు అలా ఉంటే మెనూలోకి వెళ్లి మార్చుకోండి. రా తీసేవాళ్లకు ఆ సెట్టింగ్‌తో నిమిత్తం లేదు, రంగు నిర్ణయం ఎక్స్‌పోర్ట్ దగ్గరే జరుగుతుంది.

దీనికి అద్దంలో బొమ్మలాంటి సమస్య కూడా ఉంది. మీ మానిటర్ విశాల రంగుల రకమై, సాఫ్ట్‌వేర్ ప్రొఫైల్ పట్టించుకోనిదైతే మీకే ఎరుపులు మండిపోతూ కనిపిస్తాయి. మీరు తగ్గిస్తారు, అవతల చప్పబడుతుంది. మానిటర్ మెనూలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉంటే దానిలో పెట్టి ఎడిట్ చేయడం సులువైన దారి. ఈ పని తరచూ చేసేవాళ్లు మాత్రం క్యాలిబ్రేషన్ పరికరం వాడటమే మంచిది.

రంగు తర్వాత వెలుగు. ఫొటోలు అందరికీ చీకటిగా కనిపిస్తున్నాయంటే మీ తెర మరీ ప్రకాశంగా ఉందన్నమాట. ఫొటో ఎడిటింగ్‌కు చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల వెలుగు, 6500 కెల్విన్ (పగటి వెలుతురు లాంటి) తెలుపు అనుకూలం. కొలిచే పరికరం లేకపోతే, మామూలు గది వెలుతురులో తెర మీది ఖాళీ తెల్ల పేజీ, పక్కన పెట్టిన తెల్ల కాగితం ఇంచుమించు ఒకే వెలుగులో ఉండేలా బ్రైట్‌నెస్ తగ్గించండి. ఆటో బ్రైట్‌నెస్ ఆపేయండి. రాత్రిపూట నీలి కాంతి తగ్గించే ఫిల్టర్ ఆన్‌లో ఉంటే తెర పసుపు తిరుగుతుంది. దాన్ని చూసి మీరు తెల్లదనం సరిచేస్తే అవతల ఫొటో నీలంగా తేలుతుంది. ఎడిటింగ్‌కు కూర్చోగానే ముందు ఆపాల్సింది ఆ ఫిల్టర్‌నే. కంటి మీద నమ్మకం లేనప్పుడు హిస్టోగ్రామ్ చూడండి. పగటి దృశ్యంలో కుడివైపు మూడో వంతు ఖాళీగా ఉందంటే ఫొటో నిజంగానే చీకటిగా ఉంది.

పదును ఎక్కడ పోతుందో చూద్దాం. 24 మెగాపిక్సెల్ ఫొటో అంటే 6000×4000 పిక్సెళ్లు. దాన్ని అలాగే పంపితే మెసేజింగ్ యాప్ తనకు నచ్చిన పద్ధతిలో కుదించి, గట్టిగా కంప్రెస్ చేస్తుంది. కుదించే పని మీరే చేస్తే ఫలితం మీ అదుపులో ఉంటుంది. పొడవైన పక్క 2048 పిక్సెళ్లు పెట్టండి. 3:2 నిష్పత్తి ఫొటోకు 2048×1365 వస్తుంది. తయారైన ఫైల్‌ను ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపితే చాలా యాప్‌లు దాన్ని ముట్టుకోవు. 72 డీపీఐ (ముద్రణలో అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) పెట్టాలా, 300 పెట్టాలా అన్న చర్చ తెర మీద చూసే ఫొటోకు అనవసరం. ఆ అంకె ముద్రణకు మాత్రమే పనికొస్తుంది, తెరకు పిక్సెళ్ల లెక్కే లెక్క.

పదును పెట్టాల్సింది కుదించిన తర్వాత, ముందు కాదు. 6000ను 2048కి తెస్తే దాదాపు తొమ్మిది పిక్సెళ్లు కలిసి ఒకటవుతాయి, ముందు పెట్టిన సన్నటి పదును అందులో కరిగిపోతుంది. కుదించాక అన్‌షార్ప్ మాస్క్ అనే పదును పెట్టే ఫిల్టర్‌లో రేడియస్ 0.3 నుంచి 0.5 పిక్సెల్ పెట్టి, అమౌంట్ 50 దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచండి. ఆకాశం ముందున్న కొమ్మ పక్కన తెల్లటి గీత మొలిచిందంటే హద్దు దాటారు, వెనక్కి తగ్గండి. ఎక్స్‌పోర్ట్ పెట్టెలో ‘స్క్రీన్ కోసం షార్పెన్’ లాంటి ఎంపిక ఉంటే అది ఈ పనే చేస్తుంది, స్టాండర్డ్ స్థాయి చాలు. లోకల్ కాంట్రాస్టు పెంచే క్లారిటీ స్లైడర్‌ను దీనికి బదులుగా వాడకండి. కొండ అంచుల చుట్టూ వెలుగు వలయాలు, వయసు మళ్లిన ముఖాల మీద లేని ముడతలు వచ్చేది దాని వల్లే.

కుదింపు వల్ల ఒక మేలుంది. తొమ్మిది పిక్సెళ్లు కలిసినప్పుడు వాటి నాయిస్ సగటై మూడో వంతుకు పడిపోతుంది. ఐఎస్‌ఓ 6400లో తీసిన ఫొటోను 100 శాతంలో చూసి భయపడి నాయిస్ తగ్గించే స్లైడర్ పూర్తిగా లాగేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. ముఖం మైనపు బొమ్మలా, ఈకలు రంగు పూసినట్టు అవుతాయి. పంపబోయే సైజుకు కుదించి చూశాక కూడా గరుకు కంటికి తగిలితేనే తగ్గించండి. అందులోనూ రంగు మచ్చల నాయిస్‌ను గట్టిగా, వెలుగు నాయిస్‌ను తేలిగ్గా తగ్గించడం మంచిది.

క్రాప్‌కూ ఒక లెక్క ఉంది. రెండు పక్కలా సగానికి కోస్తే పిక్సెళ్లు నాలుగో వంతే మిగులుతాయి. 24 మెగాపిక్సెల్ కాస్తా 6 అవుతుంది, అంటే 3000×2000. 2048కి ఇంకా చాలు. రెండు పక్కలనూ నాలుగో వంతుకు కోస్తే 1500×1000 మిగులుతుంది. అప్పుడు దాన్ని 2048కి సాగదీయకండి, 1500గానే పంపండి. దూరపు పక్షుల ఫొటోలు మెత్తగా ఉంటున్నాయని వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం లెన్స్‌లో లేదు, ఈ కోతలో ఉంది.

జేపెగ్ నాణ్యత 100కు 80–85 దగ్గర పెడితే ఫైల్ చిన్నదవుతుంది, కంటికి తేడా తెలియదు. 60 కంటే దించితే జేపెగ్ పని చేసే 8×8 పిక్సెళ్ల గళ్లు ఆకాశంలో బయటపడటం మొదలవుతుంది. సాధారణంగా జేపెగ్ రంగు వివరాన్ని వెలుగు వివరం కంటే తక్కువగా దాచుకుంటుంది కాబట్టి పచ్చటి నేపథ్యం ముందున్న ఎర్రటి పువ్వు అంచులు అన్నిటికంటే ముందు చెడతాయి. నాణ్యత సరిపోయిందో లేదో అలాంటి అంచు దగ్గరే చూడాలి. జేపెగ్‌ను తెరిచి మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొత్తగా నష్టం జరుగుతుంది. అందుకే ఎడిటింగ్ రా లేదా 16 బిట్ ఫైల్ మీద చేసి, జేపెగ్‌ను చివర్లో ఒక్కసారే తీయండి. సాయంత్రపు ఆకాశంలో మెట్లు మెట్లుగా చారలు కనిపిస్తున్నాయంటే 8 బిట్ ఫైల్‌ను గట్టిగా సాగదీశారన్నమాట. 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, 14 బిట్ రా ఫైల్‌లో 16,384. రా నుంచి మళ్లీ చేసినా చారలు పోకపోతే ఆకాశం మీద అతి తక్కువ గ్రెయిన్ (సన్నటి గరుకు) వేయండి, చారలు విరిగిపోతాయి. స్క్రీన్‌షాట్ తీసి పంపే అలవాటు మాత్రం మానుకోండి. సైజు, రంగు రెండూ తెర ఇష్టానికి పోతాయి. ఫోన్ హీక్ ఫార్మాట్‌లో దాచుకుంటుంటే కొందరి కంప్యూటర్లలో అది తెరుచుకోదు, జేపెగ్‌గా మార్చి పంపండి.

డాక్యుమెంట్‌గా పంపడంలో ఒక జాగ్రత్త అవసరం. ఫొటోగా పంపితే యాప్‌లు సాధారణంగా ఎగ్జిఫ్ సమాచారాన్ని (ఫొటో తీసిన వివరాల్ని కెమెరా ఫైల్‌లోనే దాచే భాగం) తీసేస్తాయి, డాక్యుమెంట్‌గా పంపితే అది అలాగే వెళ్తుంది. షట్టర్, అపర్చర్, ఐఎస్‌ఓ వెళ్లడం తోటివారికి ఉపయోగమే. లొకేషన్ ఆన్‌లో ఉన్న ఫోన్‌తో తీసినదైతే వాటితోపాటు తీసిన చోటు జీపీఎస్ వివరం కూడా వెళ్తుంది. ఇంట్లో తీసిన పిల్లల ఫొటో, అరుదైన పక్షి గూడు ఫొటో అయితే ఇది చిన్న విషయం కాదు. గూడు జాడ పది మందికి తెలిస్తే పది మంది అక్కడికి వెళ్తారు, తల్లిపక్షి గూడు వదిలేసే ప్రమాదం ఉంది. ఎక్స్‌పోర్ట్‌లో లొకేషన్ తీసేసే ఎంపిక దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది, టిక్ పెట్టి వదిలేయండి. గుర్తుపట్టగలిగే మనుషులుంటే వాళ్ల అనుమతి, పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోండి. తోటివారి ఫొటోను అడగకుండా ఇంకోచోటికి పంపకూడదు, హక్కు తీసినవారిది.

ఫొటో పక్కన రాసే నాలుగు ముక్కలే వచ్చే అభిప్రాయం నాణ్యతను నిర్ణయిస్తాయి. సెన్సర్ సైజు, ఫోకల్ లెంగ్త్, అపర్చర్, షట్టర్, ఐఎస్‌ఓ ఒక వరుసలో రాయండి. తర్వాత ఎగ్జిఫ్ చెప్పలేనివి రాయాలి: వెలుగు ఎటువైపు నుంచి పడింది, ట్రైపాడ్ ఉందా, ఎంత క్రాప్ చేశారు, ఫ్రేములు కలిపారా, ఏదైనా తీసేశారా, కొత్తగా చేర్చారా. ఆకాశం మార్చి ఉంటే ఆ మాట తప్పక రాయాలి. ఆ ఫొటో చూసి వెలుగు గురించి నేర్చుకోబోయేవారు ఉంటారు, వారిని తప్పుదారి పట్టించకూడదు. చివర్లో ఒకే ఒక్క ప్రశ్న అడగండి. ‘ఎలా ఉంది’ అని అడిగితే ‘బాగుంది’ అనే వస్తుంది. ‘ఎడమ మూలలో ఉన్న చెట్టు బరువు నిలబెడుతోందా, చూపు చెదరగొడుతోందా’ అని అడిగితే చూసేవాళ్లు నిజంగా ఆ మూలకు వెళ్లి చూసి చెబుతారు. మీకు నచ్చిన కారణం మాత్రం ముందే రాయకండి, అందరూ దాన్నే వెతుక్కుంటారు. రెండు మూడు జవాబులు వచ్చాక చెప్పండి.

ఇతరుల ఫొటోకు మీరు జవాబిచ్చేటప్పుడు, చూడగానే మీ చూపు మొదట ఎక్కడ పడిందో, తర్వాత ఎక్కడికి పోయిందో రాయండి. తీసినవారికి తమంతట తాము తెలుసుకోలేని సంగతి అదొక్కటే. లోపం చెబితే దాని కారణం, అంకె కూడా చెప్పండి. ఉదాహరణకు చంద్రుడు తెల్ల బిళ్లలా వచ్చాడనుకోండి. చుట్టూ చీకటి చూసి కెమెరా వెలుగు పెంచేసింది. నిండు చంద్రుడు ఎండలో ఉన్న వస్తువే కాబట్టి ఎఫ్/11, ఐఎస్‌ఓ 100, 1/100 సెకను దగ్గర మొదలుపెట్టమని రాస్తే వాళ్లు వెంటనే ప్రయత్నించగలరు. చీకటి నీటి ముందు చిన్న తెల్ల కొంగ ఈకల వివరం లేకుండా పేలిపోతే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా ఎంచిన వెలుగును స్టాపుల్లో పెంచే తగ్గించే మీట) −0.7 నుంచి −1. అదే కొంగ ఫ్రేము నిండా ఉండి బూడిదగా వస్తే +1. వెనక వెలుగుతో ముఖం నల్లబడితే +1 నుంచి +1.7. నక్షత్రాలు చుక్కలుగా కాక గీతలుగా వస్తే 500ను ఫోకల్ లెంగ్త్‌తో భాగించిన సెకన్లు దాటారేమో చూడమనండి. ఫుల్ ఫ్రేము మీద 24 ఎంఎంకు ఆ లెక్క 20 సెకన్ల చిల్లర, ఏపీఎస్‌-సీ మీద 14 దగ్గర. పిక్సెళ్లు ఎక్కువున్న సెన్సర్‌కు ఇంకా తగ్గించాలి. ప్రకృతి దృశ్యం మొత్తం కొద్దిగా మెత్తగా ఉండి ఎఫ్/22 అని రాసి ఉంటే కారణం డిఫ్రాక్షన్, అంటే మరీ చిన్న అపర్చర్ గుండా వెళ్లే కాంతి చెదిరిపోవడం. ఎఫ్/8 లేదా ఎఫ్/11కి రమ్మనండి.

రుచికి సంబంధించినవాటిని మాత్రం లోపాల్లా చెప్పకండి. హోరిజాన్ వంగడం, కన్ను మసకబారడం లోపాలు. నీడలు లోతుగా ఉంచడం, రంగు తగ్గించడం తీసినవారి నిర్ణయాలు. అక్కడ ‘నేనైతే నీడలు తెరిచేవాణ్ని, కారణం ఇదీ’ అంటే చాలు. ఫొటోను దించుకుని మీరే ఎడిట్ చేసి చూపించాలనిపిస్తే ముందు అడగండి. ఒప్పుకుంటే మార్చినదాంతోపాటు ఏ స్లైడర్ ఎంత కదిపారో రాయండి. అంకెలు లేని ‘మెరుగైన’ ఫొటో వాళ్లకేమీ నేర్పదు.

ఎక్స్‌పోర్ట్ సెట్టింగులన్నీ ఒక ప్రీసెట్‌గా దాచుకోండి: ఎస్‌ఆర్‌జీబీ, పొడవైన పక్క 2048, జేపెగ్ నాణ్యత 82, స్క్రీన్ షార్పెన్ స్టాండర్డ్, లొకేషన్ తీసివేత, పెద్దది చేయకుండా ఆపే టిక్. మొదటిసారి వాడాక ఆ ఫైల్‌ను ముందు మీకు మీరే పంపుకుని, వేరే ఫోన్‌లోనూ ఇంకో కంప్యూటర్‌లోనూ తెరిచి చూడండి. రెండింటిలోనూ రంగు ఒకేలా వెలిసినట్టుంటే ఎక్స్‌పోర్ట్‌లో ప్రొఫైల్ తప్పింది. ఒకదానిలోనే తేడా ఉంటే అది ఆ తెర సమస్య, ఫైల్‌ను కదపకండి.